మేనేజర్ మెయిల్‌ల ఇర్యాటిక్ అని రాసిండు, అంటే ఏంది? జర చెప్పుండ్రి

అడిగింది, హన్మకొండ నుంచి:
అందరికీ నమస్తే. నేను మడికొండ కాడ ఒక ఆఫీసుల పని చేస్తున్న, డిగ్రీ దాకా తెలుగు మీడియమే. మా మేనేజర్ మెయిల్ పెట్టిండు, అండ్ల "యువర్ లాగిన్ టైమింగ్స్ హావ్ బీన్ ఇర్యాటిక్" అని ఉన్నది. డిక్షనరీ తీస్తే నిలకడ లేని, క్రమం లేని, వింతగా ప్రవర్తించే అని మూడు నాలుగు అర్థాలు ఇచ్చిండ్రు, ఆ వింత ప్రవర్తన అనేది చూసినంక గుండెల రాయి పడ్డది. నన్ను తిక్కలోడు అన్నట్టా, లేకపోతే లేటుగ వస్తున్నవ్ అని మామూలుగ అన్నట్టా సమజైతలేదు. సోమవారం లోపల రిప్లై ఇయ్యాలె. ఇంకోటి, దీన్ని నోటితోని ఎట్ల పలకాల్నో గూడ చెప్పుండ్రి, మీటింగ్‌ల అంటే వేరే మాట లెక్క వినబడుతదేమో అని భయమైతాంది.

జవాబు, కాజీపేట నుంచి (ఇంగ్లీష్ చెప్తా):
తమ్మీ, ముందుగాల భయం తీసెయ్. ఇంగ్లీషుల ఈ మాట దేని పక్కన పెట్టిండ్రు అనేదే అసలు ముచ్చట. "హీ ఈజ్ ఇర్యాటిక్" అంటే మనిషిని అన్నట్టు, ఎప్పుడేం చేస్తడో తెల్వదు, నమ్మేటట్టు లేడు అని, అది గట్టి మాటనే. నీకు రాసింది టైమింగ్స్ గురించి. నువ్వు వచ్చే టైము ఒక్క తీరుంటలేదు, ఇయ్యాల తొమ్మిదింటికి, రేపు పదింబావుకు, ఎల్లుండి మల్ల ఎనిమిదిన్నరకే, పొద్దుగాల ఎవరన్న అడిగితే నువ్వెప్పుడొస్తవో చెప్పరాదు, గంతే.

ఇక్కడ ఒకటి మంచిగ పట్టుకో, చాలామంది ఇక్కడనే తప్పు పోతరు. తొమ్మిదింటికి రావాల్సినోడు దినాం 9:40కే వస్తే వాడు లేటే గని ఇర్యాటిక్ కాదు, ఎందుకంటె వాడు ఎప్పుడొస్తడో ఆఫీసు అందరికీ ఎరుకే. అందాజకు అందకుండ అటిటు ఊగుడు ఉంటేనే ఈ మాట వాడాలె. అందుకనే ఒక్కసారి జరిగిన దానికి గూడ ఇది పనికిరాదు, ఒక్కరోజు లేటయితే ఇర్యాటిక్ అనరు, కొన్ని రోజుల వరుస చూసి అంటరు.

పలుకుడు సంగతి: ర్యాంకు అంటం సూడు, గా ర్యా. ఇ-ర్యా-టిక్, బరువు మధ్యల ర్యా మీద పడాలె. మనోళ్లు ఇరాటిక్ అని రా తోని పలుకుతరు, నీ భయం నిజమే, అట్లంటే శృంగారానికి సంబంధించిన ఇంకో మాట లెక్క వినబడుతది. స్పెల్లింగుల గూడ దీనికి రెండు ఆర్‌లు, దానికి ఒక్కటే. ఎర్రర్ అనే మాట యాదికుంచుకో, రెండూ లాటిన్‌ల తిరుగుట, దారి తప్పుట అనే ఒక్క మూలం నుంచే వచ్చినయ్, రెండింటికీ మొదట్ల డబుల్ ఆరే.

ప్రశ్న, నర్సంపేట నుంచి:
మేడం మంచిగ చెప్పిండ్రు. మరి ఇంగ్లీష్ పేపర్ల ఇర్యాటిక్ రెయిన్‌ఫాల్ అని రాస్తరు గదా, అంటే ఎక్కువ వాననా తక్కువ వాననా? 2023 జులైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 64 సెంటీమీటర్లు దాటి పడ్డది గదా, దాన్ని గట్లనే అంటరా?

జవాబు, కాజీపేట నుంచి:
లేదన్నా, గది ఎక్స్‌ట్రీమ్ రెయిన్‌ఫాల్, ఒక్కనాడు కుండపోత పడుడు. ఇర్యాటిక్ అంటే ఎక్కువా తక్కువా అని చెప్పదు, సీజన్ మొత్తం మీద వరుస తప్పింది అని చెప్తది. మృగశిరల రెండు వానలు పడంగనే రైతు పత్తిగింజ పెడ్తడు, తర్వాత ఇరవై దినాలు చుక్క రాలదు, మొలక ఎండిపోతది, మల్ల గింజ కొనాలె, తీర పూత మీద ఉన్నప్పుడు వద్దన్నా పడ్తది. సీజన్ అయినంక లెక్క తీస్తే సాధారణ వర్షపాతమే అని వస్తది, రైతు మాత్రం మునిగిండు. ఆ బాధ చెప్పెతందుకు సరిగ్గ ఈ మాటే కావాలె, తక్కువ వాన అని రాస్తే అబద్ధమైతది.

అదే పరకాలల పడి హన్మకొండల పడకపోతే ప్యాచీ అంటరు, అది జాగల తేడా, ఇర్యాటిక్ టైముల తేడా. ఏనుమాముల మార్కెట్ల మిర్చి ధర పొద్దుకో తీరుగ ఎక్కుడు దిగుడు అయితే ఎక్కువగ వొలటైల్ అని రాస్తరు, డబ్బులు మార్కెట్ల కాడ ఆ మాటే అలవాటు.

జవాబు, వరంగల్ నుంచి:
క్రికెట్ చూసేటోళ్లకు ఇంకా అల్కగ అర్థమైతది. బ్యాట్స్‌మన్ ఒక మ్యాచ్‌ల 90, తర్వాత రెండిట్ల డకౌట్, మల్ల 75 కొడితే ఇన్‌కన్సిస్టెంట్ అంటరు. బౌలర్ ఒక బాల్ లెగ్ సైడ్ వైడ్, ఇంకోటి ఫుల్‌టాస్, ఇంకోటి బౌన్సర్, ఏడ పడుతదో వానికే ఎరుక లేకపోతే ఇర్యాటిక్ బౌలింగ్.

ప్రశ్న, జనగామ నుంచి:
మా అమ్మ ఈసీజీ రిపోర్టుల ఇర్రెగ్యులర్ అని ఉన్నది, అదీ ఇదీ ఒకటేనా అక్కా?

జవాబు, కాజీపేట నుంచి:
డాక్టర్లు రిపోర్టుల ఎక్కువగ ఇర్రెగ్యులర్ అనే రాస్తరు చెల్లె, కొట్టుకునుడు మధ్యల ఎడం సమానంగ లేదని. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బుల ఆ వరుస అసలే దొరకది, దానికి వాళ్లు ఇర్రెగ్యులర్లీ ఇర్రెగ్యులర్ అనే మాట వాడుతరు. అమ్మది ఏదో ఈ మాటలు చూసి మనం చెప్పలేం, గుండె డాక్టరుకు చూపియ్యి, ఆలస్యం చెయ్యకు.

ఇన్‌కన్సిస్టెంట్ గురించి పైన అన్న చెప్పిండు గదా, దాని తర్వాత విత్ వస్తే మాత్రం అర్థమే మారుతది. "ఇన్‌కన్సిస్టెంట్ విత్ ద రికార్డ్" అంటే రికార్డుకు పొంతన లేదు, రెండూ ఒకదానికొకటి కొట్టుకుంటున్నయ్ అని. ఇర్యాటిక్ తర్వాత విత్ పెట్టి గట్ల చెప్పరాదు.

అడిగింది, హన్మకొండ నుంచి:
మస్తు థ్యాంక్స్ మేడం, ఇప్పుడు సమజైంది. రిప్లైల "ఐ యామ్ సారీ ఫర్ మై ఇర్యాటిక్ బిహేవియర్" అని రాద్దామనుకుంటున్న, నడుస్తదా? నాకు షిఫ్టులు మార్చుడు వల్లనే సగం గిట్లైంది, మిగతాది కాజీపేట బ్రిడ్జి కాడ ట్రాఫిక్.

జవాబు, కాజీపేట నుంచి:
వద్దు వద్దు తమ్మీ, బిహేవియర్ అసలే పెట్టకు! నువ్వు డిక్షనరీల చూసి భయపడ్డ వింత ప్రవర్తన అనే అర్థం ఆ మాట పక్కకు రాంగనే వస్తది, వాళ్లు అననిది నీ అంతట నువ్వే నెత్తిన ఏసుకున్నట్టయితది. ఇట్ల రాయి: "ఐ అండర్‌స్టాండ్ దట్ మై లాగిన్ టైమింగ్స్ హావ్ వేరీడ్. మై షిఫ్ట్ వాజ్ చేంజ్డ్ సెవరల్ టైమ్స్ దిస్ మంత్. ఐ విల్ లాగిన్ బై నైన్ ఫ్రమ్ మండే." షిఫ్టు మార్చిన మెయిల్స్ ఉంటే దానికే అటాచ్ చెయ్యి, ట్రాఫిక్ మాట ఎత్తకు, అది అందరికీ ఉన్నదే అంటరు. తొమ్మిదింటికి నిజంగ అందుకోగల్గితేనే ఆ ఆఖరి లైను పెట్టు, లేకపోతే తొమ్మిదింబావు షిఫ్ట్ ఇయ్యమని అందుల్నే అడుగు.