రచయిత్రి పోయాక ఆమె డిటెక్టివ్ బతికే ఉండాలా?

పాత అలమర:

కోజీ మిస్టరీలు చదివేవాళ్లు దీని గురించి ఏమంటారో తెలుసుకోవాలని ఉంది. రక్తపాతం చూపించకుండా, ఏదో ఒక చిన్న ఊళ్లో, ఎక్కువగా పోలీసు కాని మామూలు మనిషి హత్య గుట్టు విప్పే కథలు ఇవి. ఒక్కో సిరీస్ ఇరవై, ముప్పై పుస్తకాల దాకా నడుస్తుంది. ఈలోగా రాసినవాళ్లు కాలం చేస్తారు. పుస్తకాలు మాత్రం వస్తూనే ఉంటాయి, ఇంకొకరి చేత్తో. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: రాసిన మనిషితోనే సిరీస్ ఆగిపోవాలి.

ఎం.సి. బీటన్ సంగతే తీసుకోండి. ఈ స్కాట్లండ్ రచయిత్రి 1992లో అగాథా రైజిన్ సిరీస్ మొదలుపెట్టారు. అగాథా లండన్‌లో పబ్లిక్ రిలేషన్స్ కంపెనీ నడిపి, దాన్ని అమ్మేసి, కాట్స్‌వోల్డ్స్ ప్రాంతంలోని కార్స్‌లీ అనే పల్లెలో ఇల్లు కొనుక్కున్న యాభై దాటిన మనిషి. ఊళ్లో పేరు తెచ్చుకోవాలని కీష్ పోటీకి దిగుతుంది. కీష్ అంటే గుడ్లు, మీగడ వేసి ఓవెన్‌లో కాల్చే వంటకం. ఆవిడకి వంట రాదు. లండన్ దుకాణంలో కొనుక్కొచ్చి, తానే చేశానని బల్లమీద పెడుతుంది. అది తిన్న జడ్జి చచ్చిపోతాడు. తన వంట కాదని చెప్తే పరువు పోతుంది, చెప్పకపోతే హంతకురాలు అవుతుంది. ఆ గర్వం, ఆ నోటిదురుసు, వయసు దాచుకోవాలన్న ఆరాటం, రాత్రిపూట ఒంటరితనం, వీటిలో ఒక్కదాన్నీ బీటన్ కప్పిపుచ్చరు. అందుకే అగాథా మీద అంత ప్రేమ పుడుతుంది మనకి.

బీటన్ 2019 డిసెంబర్ 30న పోయారు. ఇప్పుడు ఆర్.డబ్ల్యు. గ్రీన్ రాస్తున్నారు. ఊరు అదే, స్నేహితులు వాళ్లే, కథలో ముడి కూడా బాగానే ఉంటుంది. కానీ నాకు కనిపించినంతలో అగాథా మెత్తబడిపోయింది. ఎదుటివాళ్లని ఒక మాట అనేముందు ఆగి ఆలోచిస్తోంది. ఈమె నాకు తెలిసిన అగాథా కాదు. అట్టమీద చూస్తే బీటన్ పేరు పెద్దక్షరాల్లో, గ్రీన్ పేరు చిన్నక్షరాల్లో. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

రైలు చదువరి:

పాత అలమర గారూ, గ్రీన్ ఎక్కడినుంచో ఊడిపడిన మనిషి కాదండీ. బీటన్‌కి ఒంట్లో బాగాలేని చివరి రోజుల్లో ఆయనతో కలిసి పనిచేశారు. ఆవిడ నమ్మి అప్పగించినదాన్ని మనం కాదనడం ఏం న్యాయం?

నేను రోజూ ఆఫీసుకి రైల్లో వెళ్తూ చదువుతాను. బీటన్ ఇంకో సిరీస్, 1985లో మొదలైన హామిష్ మాక్‌బెత్, నాకు ప్రాణం. హామిష్ పోలీసే, కానీ ప్రమోషన్ వస్తే లాఖ్‌డూ ఊరు వదిలి వెళ్లాలని భయపడి, తను ఛేదించిన కేసుల ఘనత పైవాళ్లకి ఇచ్చేస్తుంటాడు. ఆ ఊరు మళ్లీ కనబడుతుందంటే నాకు అదే చాలు. మన టీవీ సీరియళ్లలో నటి మారిపోతే మొదటి వారం గొణుక్కుంటాం, తర్వాత అలవాటు పడిపోతాం కదా.

పాత అలమర:

నటి మారితే అలవాటు పడతామండీ. మాటలు రాసేవాళ్లు మారితే ఆ అత్తగారు అత్తగారిలా మాట్లాడదు. సిరీస్‌లో మార్చింది మాటలు రాసే మనిషిని.

గోదారి గట్టు:

తెలుగువాళ్లం ఈ ప్రశ్న మీద ఇంత తొందరగా తీర్పు చెప్పకూడదేమో. మన భారతాన్నే ముగ్గురు రాశారు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో మిగిలిపోయిన భాగాన్ని ఎర్రన పూరించాడు. ఎంత మర్యాదగా పూరించాడంటే, నన్నయ శైలిలో ఎత్తుకుని మెల్లగా తిక్కన శైలి వైపు నడిపించాడని పండితులు చెప్తారు. అంకితం కూడా నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుడికే ఇచ్చాడు, అప్పటికి ఆ రాజు పోయి మూడు శతాబ్దాలు దాకా అయింది. చదువుకునే పిల్లవాడికి అతుకు ఎక్కడుందో టీచరు చెప్తే తప్ప తెలియదు.

హత్యల కథల్నీ భారతాన్నీ పక్కపక్కన పెట్టడం లేదు. ఒకరి పని ఇంకొకరు అందుకోవడం తప్పు అన్న సూత్రాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. పాత మనిషి మీద గౌరవం, చేతిలో సత్తా రెండూ ఉంటే అది గొప్ప పని.

పాత అలమర:

గోదారి గట్టు గారూ, ఈ చర్చలో నాకు బాగా నచ్చిన మాట మీదే. అయితే ఎర్రన చేసినదేమిటో మళ్లీ చూడండి. ఉన్న కథ, మధ్యలో ఆగిన పని, దాన్ని పూర్తిచేశాడు. భారతానికి పంతొమ్మిదో పర్వం తన సొంతంగా అల్లి నన్నయ పేరు పెట్టలేదు.

కోజీలకి దగ్గరగా ఉండే పాత ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లోనూ ఎర్రన పనిలాంటిది ఒకటి ఉంది. న్యూజీలండ్ రచయిత్రి నైయో మార్ష్ 1982లో పోయారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఒక న్యూజీలండ్ ఆసుపత్రిలో జరిగే నవల మొదలుపెట్టి, కొన్ని అధ్యాయాలు, నోట్సు వదిలేశారు. దాన్ని స్టెల్లా డఫీ పూర్తిచేస్తే 2018లో ‘మనీ ఇన్ ది మోర్గ్’ పేరుతో వచ్చింది. దానిమీద నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే ముగింపు కోసం ఎదురుచూస్తున్న కథ అది. ఏటా ఒక కొత్త హత్య పుట్టించి, పోయినావిడ పేరుతో అమ్మడం వేరు.

తొలకరి:

అసలు రచయిత్రే రాస్తే బాగుంటుందన్న హామీ ఎవరిచ్చారండీ? ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు.

లిలియన్ జాక్సన్ బ్రౌన్ పిల్లుల సిరీస్ చూడండి. మొదటి పుస్తకం 1966లో, మూడోది 1968లో. తర్వాత పద్ధెనిమిదేళ్లు ఏమీ లేదు. 1986లో మళ్లీ మొదలై మొత్తం 29 నవలలు అయ్యాయి. కోకో, యమ్ యమ్ అనే రెండు సయామీ పిల్లులు, క్విలరన్ అనే జర్నలిస్టు. మొదటి పది పుస్తకాలు నాకు కంఠతా వచ్చు. చివరి నాలుగైదు మాత్రం చదవలేకపోయాను. కథ ముందుకి కదలదు, తిన్న తిండి గురించే పేజీలు నిండిపోతాయి. ముప్పయ్యో పుస్తకం ప్రకటించి రద్దుచేశారు. ఆవిడ 2011లో, 97 ఏళ్ల వయసులో పోయారు. ఇంకెవరూ అందుకోలేదు. మీ సూత్రం ప్రకారం ఇది ఆదర్శం. నాకు మాత్రం ఒక ఇంటి తలుపు సగం తెరిచి అందరూ వెళ్లిపోయినట్టు ఉంది. మంచి చెయ్యి దొరికి ఒకే ఒక్క చివరి పుస్తకం రాసి ఉంటే నేను సంతోషంగా కొనుక్కునేదాన్ని.

పొయిరో, మిస్ మార్పుల్ అనే డిటెక్టివ్‌లని సృష్టించిన అగాథా క్రిస్టీ కూడా అంతే. టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో ఆవిడ నవలల్లో పదాలని లెక్కకట్టి, 1972 నాటి ‘ఎలిఫెంట్స్ కెన్ రిమెంబర్’లో పదసంపద బాగా తగ్గిపోయిందనీ, అది మతిమరపు జబ్బు లక్షణం కావచ్చనీ అన్నారు. 1973లో వచ్చిన ‘పోస్టర్న్ ఆఫ్ ఫేట్’ చదివినవాళ్లకి లెక్కలు అక్కర్లేదు.

పాత అలమర:

తొలకరి గారూ, ‘ఎలిఫెంట్స్ కెన్ రిమెంబర్’ నేను ప్రేమించే పుస్తకం. తేదీలు కుదరవు, చెప్పిన మాటే మళ్లీ చెప్తారు, పజిల్‌గా బలహీనం. ఒప్పుకుంటాను. కానీ కథ చూడండి. ఆరియాడ్నె ఆలివర్ అనే ముసలి నవలా రచయిత్రి, ఎన్నో ఏళ్ల కిందటి ఒక దంపతుల చావు గురించి ఎవరికి ఏం గుర్తుందో కనుక్కోవడానికి ఇల్లిల్లూ తిరుగుతుంది. ఒక్కొక్కరు ఒక్కో ముక్క గుర్తుచేసుకుంటారు, సగం తప్పు. ఎనభై దాటిన మనిషి, జ్ఞాపకం జారిపోతున్న వయసులో, జ్ఞాపకం మీదే నవల రాశారు. ఆ బలహీనత ఆవిడది. ఆరోగ్యంగా ఉన్న ఇంకొకరు చక్కగా అల్లిన పజిల్ నాకు దాని బదులు అక్కర్లేదు.

పైగా క్రిస్టీ తన ఇద్దరు డిటెక్టివ్‌ల చివరి కథలూ ముందే రాసిపెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ‘కర్టెన్’, ‘స్లీపింగ్ మర్డర్’ రాసి దాచారు. ఒకటి కూతురికి, రెండోది భర్తకి చెందేలా ఏర్పాటు చేశారు. ‘కర్టెన్’ 1975లో అచ్చయింది. పొయిరో పోయాడని న్యూయార్క్ టైమ్స్ ఆ ఏడాది ఆగస్టు 6న మొదటి పేజీలో సంతాప వార్త వేసింది. మరుసటి జనవరిలో ఆవిడా వెళ్లిపోయారు. ఇంత స్పష్టంగా తలుపు వేసుకున్న మనిషి ఇంటికి మళ్లీ తాళం తీయడం ఎందుకు?

నోటరీ వీధి:

ఒక చట్టం సంగతి. క్రిస్టీ 1976లో పోయారు కాబట్టి బ్రిటన్‌లో ఆవిడ రచనల మీద హక్కు 2046 చివరి దాకా ఉంటుంది. మన దేశంలో అరవై ఏళ్లే, అంటే 2036 చివరికి తీరిపోతుంది. అమెరికాలో లెక్క వేరు. 1930లో వచ్చిన మొదటి మిస్ మార్పుల్ నవల అక్కడ 2026 జనవరి 1తో అందరిదీ అయిపోయింది. కాబట్టి మీరు వద్దన్నా, నేను వద్దన్నా రాసేవాళ్లు రాస్తారు. అప్పుడు అడిగే దిక్కు ఉండదు. ఇప్పుడు కుటుంబం ఒకరిని ఎంచుకుని, చదివి, ఒప్పుకుని వేయిస్తోంది. ఆ కాపలా ఉన్నంతకాలం మంచిదే అంటాను.

రైలు చదువరి:

కుటుంబం ఒప్పుకున్న సోఫీ హన్నా పొయిరో నవలలు చదివారా ఎవరైనా? మొదటిది ‘ది మోనోగ్రామ్ మర్డర్స్’ 2014లో వచ్చింది, కథ 1929 నాటి లండన్‌లో. పొయిరో కథలు చెప్పే పాత స్నేహితుడు హేస్టింగ్స్‌ని ఆవిడ ముట్టుకోలేదు. కాచ్‌పూల్ అనే కొత్త స్కాట్లండ్ యార్డ్ మనిషిని పెట్టి, అతని నోటితో కథ చెప్పించింది. క్రిస్టీ గొంతు నాది కాదు, నేను కొత్తగా చూస్తున్నాను అని పుస్తకమే చెప్తుంది. అట్టమీద హన్నా పేరు దాచలేదు. పాత అలమర గారూ, మీ బాధంతా పేరు దగ్గరే అయితే ఇక్కడ అది లేదు కదా?

పాత అలమర:

పేరు దగ్గర లేదు, నిజమే. గ్రీన్ పుస్తకాలకంటే ఇది నిజాయితీగా ఉంది. 2022లో పన్నెండుమంది రచయిత్రులు ఒక్కొక్కరు ఒక్కో మార్పుల్ కథ రాసి తెచ్చిన సంపుటం కూడా అలాంటిదే, చదివి ఆనందించాను. అది అభిమానులు ఒకసారి పెట్టుకున్న పండగ. పొయిరోది పండగ కాదు, ఒకటి తర్వాత ఒకటిగా సాగుతున్న వ్యాపారం. క్రిస్టీ బతికుండగా పొయిరో మీద విసుగుపడ్డారు, విసుగుపడుతూనే రాశారు. ఆ విసుగు పేజీల్లో అతన్ని చూసి నవ్వే నవ్వుగా మారింది. అభిమానంతో రాసేవాళ్లకి పొయిరో మీద అంత విసుగు ఎక్కడినుంచి వస్తుంది?

కొత్త పేజీ:

నేను ఈమధ్యే ఇవి చదవడం మొదలుపెట్టాను, తప్పుగా మాట్లాడితే చెప్పండి. నేను చదివిన సిరీస్ అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ గారి బోట్స్వానా కథలు. 1998లో మొదలయ్యాయి. గాబరోన్‌లో ప్రెషస్ రమోత్స్వే డిటెక్టివ్ ఆఫీసు పెడుతుంది. హత్యలు దాదాపు ఉండవు. తప్పిపోయిన భర్త, అనుమానం వచ్చిన తండ్రి, ఎర్ర టీ, చిన్న తెల్ల వ్యాను, పరీక్షలో 97 శాతం తెచ్చుకున్నానని సందర్భం దొరికినప్పుడల్లా చెప్పే సెక్రటరీ. ఇందులో ముడి తీసేస్తే కథ చెడదు. ఆమె చెట్టుకింద కూర్చుని ఆలోచించే తీరు తీసేస్తే ఏమీ మిగలదు. దాన్ని వేరేవాళ్లు ఎలా రాస్తారో నాకైతే ఊహకి అందడం లేదు. పొయిరో లాంటి పజిల్ కథలైతే ఎవరైనా నేర్చుకుని రాయొచ్చేమో. రెండింటికీ ఒకే సూత్రం ఎందుకు?

తొలకరి:

కొత్త పేజీ గారూ, బాగా చెప్పారు. ఇంకో మాట. పోయినవాళ్ల డిటెక్టివ్‌ల కోసం పెట్టే డబ్బు ఉన్నవాళ్ల మీద పెట్టొచ్చు. హరిణి నాగేంద్ర గారి ‘ది బాంగలోర్ డిటెక్టివ్స్ క్లబ్’ 2022లో వచ్చింది. 1921 నాటి బెంగళూరు, లెక్కలంటే ప్రాణమైన కావేరి, డాక్టరు భర్త. రాసినావిడ పర్యావరణ శాస్త్రవేత్త కాబట్టి ఊళ్లో చెట్లూ చెరువులూ కథలో నిండుగా ఉంటాయి. ఆ సిరీస్ మన కళ్లముందు పెరుగుతోంది, రాసేవాళ్లకి మన అభిప్రాయం చేరుతుంది.

కొత్త పేజీ:

తప్పకుండా చదువుతాను. పాత అలమర గారూ, అగాథా రైజిన్‌లో బీటన్ గారు రాసినవి ఎక్కడిదాకా? అవి మాత్రమే ముందు చదవాలనుకుంటున్నాను.

పాత అలమర:

1992 నాటి ‘ది కీష్ ఆఫ్ డెత్’తో మొదలుపెట్టి 2019లో వచ్చిన ‘బీటింగ్ అబౌట్ ది బుష్’ దాకా, మొత్తం ముప్పై. 2020లో వచ్చిన ‘హాట్ టు ట్రాట్’ ఆవిడ పోయాక అచ్చయింది, అక్కడినుంచి గ్రీన్ చెయ్యి ఉంది. వరసలోనే చదవండి. అగాథా పెళ్లి గొడవలు పుస్తకం నుంచి పుస్తకానికి సాగుతాయి, మధ్యలోంచి ఎత్తుకుంటే పాత రహస్యాలు ముందే తెలిసిపోతాయి. అన్నీ చదివాక ముప్పై ఒకటోది కూడా చదివి, మీకు తేడా తెలిసిందో లేదో ఇక్కడ రాయండి. మీ ఓటు రైలు చదువరి గారికి పడుతుందో నాకు పడుతుందో అప్పుడు చూద్దాం.

రైలు చదువరి:

నా ఓటు మారదండీ. హామిష్ కొత్తది ఒకటి బ్యాగులోనే ఉంది, రేపు రైల్లో మొదలుపెడతాను.