పత్తేదారి కాదంబరి, మన అపరాధ పరిశోధన

నిన్న అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాలు తిరగేస్తుంటే షాపాయన నలిగిపోయిన నవల ఒకటి చేతికిచ్చి "పత్తేదారి కాదంబరి సార్, నరసింహయ్య" అన్నాడు. బెంగళూరు వచ్చి పదకొండేళ్ళు, ఈ మాట ఎన్నిసార్లు విన్నానో, ఆగి ఆలోచించింది మాత్రం నిన్ననే. కాదంబరి అంటే కన్నడం వాళ్ళకి నవల. పత్తె అంటే మన పత్తానే, "వాడు పత్తా లేడు" అంటామే అదే. జమీందారు, దుకాణదారు మాటల్లో ఉన్న దారుని దానికి కలిపితే పత్తేదార, డిటెక్టివ్.

ఎన్. నరసింహయ్య గారు చదివింది నాలుగో తరగతి, రాసినవి 500 పైచిలుకు నవలలు. 1952లో పురుషోత్తమ అనే పత్తేదారుతో మొదలుపెట్టి, 2011లో పోయేనాటికి కన్నడంలో ఈ రకం నవలంటే ముందు ఆయన పేరే గుర్తొచ్చేలా చేశారు. మా వీధిలో ఒక పెద్దాయన, అద్దెకి తెచ్చుకుని ఒక్క రాత్రిలో చదివేసి పొద్దున్నే ఇచ్చేసేవాళ్ళమని చెప్తుంటే ఆయన కళ్ళు మెరిశాయి. బడిలో అంత తక్కువ చదివిన మనిషి రాసిన పుస్తకాలకి జనం నోట్లో ఆడే మాటే పేరుగా ఉండటం నాకు చాలా నచ్చింది.

మనకీ కొమ్మూరి సాంబశివరావు గారు ఉన్నారు, ఆయన నవలల్లో డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఉన్నారు. కానీ ఆ నవలలకి మనం పెట్టుకున్న పేరు అపరాధ పరిశోధన. పుస్తకాల్లో తప్ప ఎవరం అన్నాం? డిటెక్టివ్ నవల అనే అన్నాం. ఇప్పుడైతే ఆ రెండు మాటలూ వేరే దారి పట్టాయి. అపరాధ రుసుం అంటే ఫైను, పరిశోధన అంటే పీహెచ్‌డీ, పోలీసులు చేసేదేమో దర్యాప్తు. పీయూసీ చదివే మా అమ్మాయి అపరాధ పరిశోధన అన్న మాట విని "లా కాలేజీలో చేసేదా నాన్నా?" అని అడిగింది. దాని తప్పేం లేదు.

నాకు అసలు తేడా ఇంకోచోట కనిపిస్తోంది. మన పేరులో ముందు నిలబడేది నేరం, కన్నడం పేరులో ఉన్నది వెతికి పట్టుకోవడం. చదివేవాడిని రాత్రంతా కూర్చోబెట్టేది రెండోదే కదా.

మరి మన మాట ఏం పెట్టుకోవచ్చు? కింద కామెంట్లో ఒక అన్నగారు కూపీ అనొచ్చుగా అన్నారు. కూపీ లాగడం మంచి మాటే అన్నా, కానీ అందులో పక్కింటి గుట్టు బయటికి లాగే వాసన ఉంది. ఆచూకీ అంటే తప్పిపోయిన మనిషే గుర్తొస్తాడు. నా ఓటు జాడకి. జాడ తీయడం, అడుగుజాడ, పిల్లలకి కూడా తెలిసిన మాటలు. వేటగాడు అన్నట్టే జాడగాడు అనుకుంటే ఎలా ఉంటుంది?

ఇంకొకటి అడగాలి. పత్తాకి దారు చేర్చి మీ ఊళ్ళో, ముఖ్యంగా తెలంగాణలోనో అనంతపురం వైపో, పెద్దవాళ్ళు ఎవరైనా అనగా విన్నారా? వింటే ఏ అర్థంలో అన్నారో రాయండి.