అప్‌డేట్: ఫెయిలోవర్ క్లస్టర్‌పై ఎస్‌క్యూఎల్ సర్వర్ ఇన్‌స్టలేషన్ సమస్య పరిష్కారమైంది

భీమవరం దగ్గర మా రొయ్యల ప్లాంటులో రెండు నోడ్ల విండోస్ ఫెయిలోవర్ క్లస్టర్‌పై (ఒక సర్వర్ ఆగితే రెండోది పని అందుకునే ఏర్పాటు; ఒక్కో సర్వర్ ఒక నోడ్) ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తుంటే, దాన్ని నెట్‌వర్క్‌లో గుర్తించే పేరు, అంటే నెట్‌వర్క్ నేమ్ రిసోర్స్, ఆన్‌లైన్‌లోకి రాక సెటప్ చివర్లో ఆగిపోతోందని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

విండోస్ లాగ్‌లు చూపే ఈవెంట్ వ్యూయర్ చూడమన్న సూచనే దారి చూపింది. సిస్టమ్ లాగ్‌లో 1194 నంబరు ఎర్రర్ కనిపించింది. కొత్త ఇన్‌స్టెన్స్ (ఇన్‌స్టాల్ చేస్తున్న ఎస్‌క్యూఎల్ సర్వర్) పేరిట యాక్టివ్ డైరెక్టరీలో, అంటే డొమైన్ ఖాతాలన్నీ ఉండే చోట, కంప్యూటర్ ఖాతాను సృష్టించేది క్లస్టర్ సొంత ఖాతాయే కాగా, మా ఓయూలో (ఆర్గనైజేషనల్ యూనిట్, డైరెక్టరీలో ఖాతాలు ఉంచే విభాగం) దానికి ‘క్రియేట్ కంప్యూటర్ ఆబ్జెక్ట్స్’ అనుమతి లేదు. నేను డొమైన్ అడ్మిన్‌గా లాగిన్ అయ్యాను కనుక అనుమతుల సంగతి అనుమానించనే లేదు. రెండు రోజులు అక్కడే పోయాయి.

ఆ అనుమతి ఇచ్చి, సగంలో ఆగిన ఇన్‌స్టెన్స్‌ను ‘రిమూవ్ నోడ్’తో తొలగించి, సెటప్ మళ్లీ నడిపితే పూర్తయింది, రెండో నోడ్ కూడా చేరింది. ఫైర్‌వాల్‌కూ, షేర్డ్ డిస్కులకూ దీనితో సంబంధం లేదు. అనుమతి ఇవ్వడానికి మీ డొమైన్ అడ్మిన్ ఒప్పుకోకపోతే, ఇన్‌స్టెన్స్ పేరిట ఉండాల్సిన కంప్యూటర్ ఖాతాను ముందే సృష్టించి, డిసేబుల్ చేసి, దానిపై క్లస్టర్ ఖాతాకు ‘ఫుల్ కంట్రోల్’ ఇప్పించుకోండి.

నిన్న మొదటి నోడ్ పవర్ తీసి చూశాం. తూకం దగ్గరి స్క్రీన్ కాసేపు ఆగి, రెండో నోడ్ నుంచి మళ్లీ కనెక్ట్ అయింది.