చర్చ: సర్కారు చీరల ఆర్డరు సిరిసిల్లను నిలబెట్టిందా, కాళ్లు విరిచిందా?

పడుగు_పేక (చర్చ మొదలుపెట్టినవారు)

2017లో బతుకమ్మ చీరలు మొదలయ్యాయి. మొదటి ఏడు సూరత్ సరుకు కలిసి గొడవైంది, ఆ తర్వాత పని సిరిసిల్లకే వచ్చింది. 2024లో ఆ ఆర్డరు లేదు. ఇప్పుడు మహిళా సంఘాల సభ్యులకు ఇందిరమ్మ చీరల పేరుతో మళ్లీ పని దొరికింది. పేరు ఏదైనా నా ప్రశ్న ఒకటే. ఏటా ఒకే కొనుగోలుదారు, అదీ సర్కారు. ఇన్నేళ్లలో ఆ డబ్బుతో ఊళ్లో సాంచాలు (మరమగ్గాలు) మారాయా? లేదు, అవే పాత నాడె సాంచాలు. సూరత్‌లో వాటర్‌జెట్ (నీటి ధారతో పేక దారం వేసే మగ్గం) నిమిషానికి ఆరు వందల పోట్లు (పేక దారం ఒకసారి అడ్డంగా దాటితే ఒక పోటు) దాటి ఆడుతుంటే మనవి నూట ఇరవై దగ్గరే ఉన్నాయి. ఆర్డరు లేని నెలల్లో సాదా పాలిస్టర్ నేసి సూరత్ ధరకు ఎట్లా అమ్ముతాం?

సాంచా_చప్పుడు

అన్నా, ముందు 2024 జనవరి గుర్తు తెచ్చుకో. పాత బిల్లులు రాలేదు, కొత్త ఆర్డరు లేదు, సాంచాలు బంద్ పెట్టిండ్రు. ఊరు మొత్తం నిశ్శబ్దం. అప్పుడు నీ వాటర్‌జెట్ ఎవడికి యాదికొచ్చింది? వాటర్‌జెట్‌కు మెత్తటి నీళ్లు కావాలె, ఆర్వో ప్లాంటు కావాలె, నేసినంక బట్ట ఆరబెట్టాలె. కాటన్ దాని మీద నడవదు. లంగా బట్ట నేసేటోళ్లు ఏం చేయాలె? ఆర్డరు వల్లనే సాంచాల మీద డాబీలు (బార్డరు డిజైన్లు నేసే పరికరాలు) ఎక్కినయి, బార్డర్లు నేయడం పోరలు నేర్చిండ్రు. అది లెక్కలకు రాదా?

పడుగు_పేక

లెక్కే కావాలంటే ఇదిగో. నిమిషానికి 120 పోట్లు, అంగుళానికి 48 పోట్ల బట్ట. నిమిషానికి రెండున్నర అంగుళాలు, గంటకు 150 అంగుళాలు. పన్నెండు గంటల్లో 1,800 అంగుళాలంటే 45.7 మీటర్లు. నూటికి డెబ్బై వంతు నడిచిందనుకుంటే 32 మీటర్లు. చీర 5.50, జాకెట్టు ముక్క 0.80, మొత్తం 6.30 మీటర్లు. సాంచాకు షిఫ్టుకు ఐదు చీరలు. పది వేల సాంచాలు రెండు షిఫ్టులు ఆడితే కోటి చీరలకు వంద రోజులు చాలు. మరి ఆరు నెలలు ఎందుకు సాగుతుంది? మిగతా రోజులన్నీ నూలు కోసం, డిజైను ఖరారు కోసం ఎదురుచూపులే.

కండెల_డబ్బా

డెబ్బై ఎక్కడిదన్నా? అరవై వస్తే గొప్ప. 27 మీటర్లు రాసుకో.

సాంచా_చప్పుడు

అదే చెప్తున్న. కాగితం మీద 32 బాగానే ఉంటది. కండెకు (నాడెల పెట్టే పేక దారపు గొట్టం) పాతిక గ్రాముల దారం ఎక్కుతదనుకో, మీటరుకు పద్దెనిమిది గ్రాముల పేక కావాలె. అంటే ఒక్కో సాంచాకు అరగంటకోసారి కండె మార్చుడే. ఎనిమిది సాంచాలు చూసేటోనికి నాలుగు నిమిషాలకో కండె. మధ్యల పడుగు పోగు తెగితే సాంచా ఆపి, తెగిన కొస పట్టి, దువ్వెన లాంటి పన్నెలకెళ్లి తీసి ముడి వేయాలె. ఆ రెండు నిమిషాల్ల ఇంకో సాంచా కండె అయిపోయి ఉత్తగ ఆడుతది. తప్పు పడ్డ బట్ట పరీక్షల రిజెక్ట్. బార్డరు చీరకు నాలుగు సాంచాల కన్న ఎక్కువ ఒక్కడు చూడలేడు.

పడుగు_పేక

నాలుగే చూస్తాడంటే ఉపాధి పెరిగినట్టేగా? మీ వాదనకే బలం కదా, మరి ఎందుకు కోపం?

మానేరు_గట్టు

32, 27 అని ఇంకెంతసేపు? ఏ మీటరుకైనా ఎవరికి ఎంత అన్నది చెప్పండి.

కండెల_డబ్బా

బీమ్ (పడుగు చుట్టిన రోలు) మారినప్పుడు వైపని (పోగులు అతికే పని) లెక్క కూడా వేయలేదెవరూ. నాలుగు వేల పోగులు పాత పడుగుకు కొత్త పడుగు ఒక్కొక్కటీ చేత్తో కలపాలి. పోగుకు నాలుగు సెకన్లు వేసుకున్నా నాలుగున్నర గంటలు. ఆ పూట సాంచా ఖాళీ. ఏటా రంగులు, బార్డర్లు మారుస్తారు కాబట్టి బీమ్‌లూ అంతే మారతాయి. వంద రోజుల లెక్క ఇక్కడే ఎగిరిపోతుంది.

పడుగు_పేక

సరే, వంద కాదు, నూట ముప్పై. నా మాట మారదు. నూలు దగ్గరకు రండి. పడుగు 50 డెనియర్ (దారం మందం కొలత), పేక 75 అనుకుందాం. నాలుగు వేల పోగులకు మీటరు పడుగు 22 గ్రాములు, పేక 18. రెండూ కలిపి 40 గ్రాముల పైచిలుకు. కిలో నూలు పది రూపాయలు పెరిగితే మీటరుకు 40 పైసలు పోయినట్టు. కోటి చీరలకు పాతిక లక్షల కిలోలకు పైనే నూలు. అప్పు మీద దాన్ని తెప్పించగలిగేది ఎవరు? మ్యాక్స్ సంఘాల (పరస్పర సహాయ సహకార సంఘాలు) పేరు మీద ఆర్డరు తీసుకునే పెద్ద యజమానులు. ఎనిమిది సాంచాల ఆసామి (సాంచాలు తనవి, నూలు యజమానిది) చేతికి నేరుగా ఏమీ రాదు, బీమ్‌లు, పేక నూలు మాత్రం వస్తాయి. వేములవాడలో నూలు డిపో పెట్టింది అందుకే అంటారు. పూచీ చూపించగలిగినవాడికే అక్కడా నూలు.

సాంచా_చప్పుడు

జీఎస్టీ సంగతి ఎందుకు దాటేసినవ్? 2017 అక్టోబర్ నుంచి పాలిస్టర్ నూలు మీద 12 శాతం, బట్ట మీద 5. పైసలు ఇరుక్కునేవి, రీఫండ్ కోసం తిరగాలె. 2025 సెప్టెంబర్ 22 నుంచి నూలు మీద కూడ 5 చేసిండ్రు. ఇన్నేండ్లు సూరత్‌తోటి పోటీ పడలేకపోవడానికి ఇది ఒక కారణం కాదా? అన్ని నేతగాని మీదికే తోస్తే ఎట్ల?

పడుగు_పేక

సూరత్ వాళ్లకూ అదే జీఎస్టీ కదా సార్. ఆ 12, 5 వాళ్లు కూడా మోశారు.

సాంచా_చప్పుడు

వాళ్లకు నూలు ఫ్యాక్టరీ పక్కనే, రంగుల మిల్లు పక్కనే. మనం నూలు లారీ మీద తెచ్చి, కోరా బట్ట మళ్లా రంగు కోసం పంపాలె. మీరు ఆసామి కష్టం చూడని మనిషి లెక్క మాట్లాడుతున్నరు.

మానేరు_గట్టు

ఆసామి కష్టం సరే. కార్మికుని కష్టం ఎవరు చూస్తరు? కూలి పది పోట్లకు ఇన్ని పైసలని లెక్క. ఆర్డరు ధర పెరిగిన ఏట కూలి అంతే పెరిగిందా? కార్మికునికి రావాల్సిన పది శాతం నూలు సబ్సిడీ కోసం ఎన్నిసార్లు ధర్నాలు చేయలేదు? పొదుపు పథకంలో కార్మికుడు కూలిలో ఎనిమిది శాతం వేస్తే సర్కారు ఇంకో ఎనిమిది వేస్తుంది. అందులో చేరాలన్నా సాంచా నంబరుకు పేరు ఎక్కాలి. యజమాని ఎక్కియ్యకపోతే వాడు ఎక్కడా లేనట్టే.

సాంచా_చప్పుడు

పేరు ఎక్కిస్తే రేపు పీఎఫ్ అడుగుతడు, గ్రాట్యుటీ అడుగుతడు. ఎనిమిది సాంచాల ఆసామి ఎక్కడికెళ్లి ఇస్తడు? మీటరు కూలిలనే కార్మికుని కూలి, కరెంటు, సాంచా రిపేరు చేసే జాఫర్‌కు, పికర్లకు, బెల్టులకు, నూనెకు, కిరాయికి. సెస్ (ఇక్కడి కరెంటు సహకార సంఘం) బిల్లుల సగం సబ్సిడీ పోతే ఆ రోజే తాళం.

మానేరు_గట్టు

అదిగో, నోట్లో నుంచే వచ్చింది! ఇంతసేపూ సూరత్, జీఎస్టీ, వాటర్‌జెట్. అసలు భయం కార్మికుని పేరు కాగితం మీదికి రావడం. పెద్దూరు అపారెల్ పార్కులో కుట్టు పనికి పోయే ఆడపిల్లకు నెల జీతం, పీఎఫ్ నంబరు. ఆమె అన్న పన్నెండు గంటలు సాంచా దగ్గర నిలబడి ఏ రిజిస్టరులో లేడు. ఇక కొత్త పోరలు సాంచాలకెందుకు వస్తరు? నడిపేటోళ్లు లేక బీహార్, ఒడిశా నుంచి తెచ్చుకుంటున్నరు.

సాంచా_చప్పుడు

మాటలు జాగ్రత్త. ఆసామి కూడా నిన్నటి కార్మికుడే. అప్పు చేసి భివండిల పాత సాంచాలు కొని తెచ్చిండు. సేటు అనకండి ఆయనను.

పడుగు_పేక

ఎవరూ సేటు అనలేదు. కానీ ఇద్దరూ ఒక్క రూపాయిని పంచుకోవడానికే కొట్లాడుతున్నారు. ఆ రూపాయి ఎంతో ఆర్డరు కాగితంలో ఎక్కడా లేదు. టెస్కో (రాష్ట్ర చేనేత సహకార సంస్థ) మ్యాక్స్ సంఘానికి మీటరు ధర చెప్తుంది, అక్కడితో సరి. నేనడిగేది ఇంతే: ఆర్డరు కాగితంలో నూలు, ఆసామి ఖర్చు, కార్మికుని కూలి మూడూ వేరుగా రాయండి. కూలి నేరుగా బ్యాంకు ఖాతాకు పోవాలి. అది చేయని ఆర్డరు ఎన్నేళ్లు వచ్చినా ఆ డబ్బు నూలు పెట్టుబడి పెట్టినవాడి దగ్గరే ఆగుతుంది, కొత్త సాంచా రాదు.

మానేరు_గట్టు

మరి ఇది మొదటి పోస్టులో ఎందుకు రాయలేదు?

సాంచా_చప్పుడు

వేరుగ రాస్తే నాకేం అభ్యంతరం లేదు. కరెంటుకు ఇంకో కాలమ్ పెట్టాలె. సబ్సిడీ తీసేస్తే ఆ కాలమ్ తనంతట తనే పెరగాలె. కార్మికుని పేరు ఎక్కించుడు గురించి మాత్రం నేను ఒప్పుకోలే.

కండెల_డబ్బా

వైపని వాళ్లకు, వార్పిన్ (బీమ్‌కు పడుగు చుట్టే) వాళ్లకు కూడా ఒక కాలమ్. వాళ్లను ప్రతిసారీ మర్చిపోతారు.

మానేరు_గట్టు

పేరు ఎక్కకుండా ఖాతాలకు పైసలు ఎట్లా పడతాయి సార్? అదే చెప్పండి.

కండెల_డబ్బా

ఇంతకీ 32 మీటర్లా, 27 మీటర్లా?