మేనమామ గురించి పుస్తకం వేస్తున్నాము, దేనితో మొదలుపెట్టమంటారు?

కోనసీమ మేనల్లుడు అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మా అమ్మకు ఒక్కగానొక్క అన్నగారైన మా మామయ్యకు వచ్చే కార్తికంలో సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నాము. వెయ్యి పున్నములు చూసినవారికి, అంటే 81వ ఏట నడుస్తున్నవారికి జరిపే శాంతి అది. ఆ రోజు వచ్చే బంధువుల చేతుల్లో పెట్టడానికి ఒక చిన్న పుస్తకం వేయాలని మేనల్లుళ్లం, మేనకోడళ్లం కలిసి అనుకున్నాము. రాసే పని నాకు అప్పగించారు. పది రోజులుగా కాగితం ముందు కూర్చుంటున్నాను కానీ, "మామయ్య చాలా మంచివారు, మమ్మల్ని ఎంతో ప్రేమగా చూసుకున్నారు" అన్న వాక్యం దాటి కలం కదలడం లేదు. ఆ వాక్యంలో అబద్ధం లేదు, అయితే అందులో మా మామయ్య కూడా లేరు.

ఆయన గోదావరి మధ్య డెల్టాలో కాలువ మీద లస్కరుగా, అంటే లాకులు, గట్లు చూసుకునే ఉద్యోగిగా పనిచేశారు. వేసవిలో కట్టేసిన కాలువకు జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలారని కబురు రాగానే, ఆ నీరు మా ఊరి లాకుల దగ్గరికి ఏ వేళకు చేరుతుందో లెక్కగట్టి, సెలవులకు వచ్చిన పిల్లలందరినీ చీకటితోనే లేపి గట్టు మీద నిలబెట్టేవారు. ముందు నురుగు, దాని మీద ఎండుటాకులు, పుల్లలు, వెనుక మట్టిరంగు నీరు, నెర్రెలు విచ్చిన కాలువ అడుగును తడుముకుంటూ వచ్చేవి. నెర్రెల్లోకి నీరు దిగుతున్నప్పుడు బుడబుడమని చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినిపించేదాకా ఎవరూ మాట్లాడకూడదని ఆయన నియమం.

1986 ఆగస్టు వరద నాటికి నాకు తొమ్మిదేళ్లు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిన వరద అది. మామయ్య నాలుగు రాత్రులు ఏటిగట్టు మీదే ఉన్నారు. ఎక్కడ ఊట కనిపిస్తే అక్కడికి ఇసుక బస్తాలు మోయించడం, పెట్రోమాక్స్ దీపం పట్టుకుని గట్టు పొడవునా తిరగడం, నీటి అంచున ఒక పుల్ల గుచ్చి అది ఎంత మునిగిందో మాటిమాటికీ చూసుకోవడం. ఈ సంగతులన్నీ తరువాత పెద్దలు చెప్పగా విన్నవే. నేను కళ్లారా చూసింది ఒక్కటే. అయిదో రోజు పొద్దున ఆయన మోకాళ్లదాకా బురదతో ఇంటికి వచ్చి, ఆ పుల్లను నా చేతిలో పెట్టి, "అల్లుడూ, గోదారి దీన్ని దాటి రాలేదురా" అన్నారు. చాలా ఏళ్లు దాన్ని నా పుస్తకాల పెట్టెలో దాచుకున్నాను.

పెద్దలు చదివే పుస్తకంలో ఇటువంటి పుల్లల సంగతులు రాయవచ్చా, లేక ఆయన ఉద్యోగం, చేయించిన పెళ్లిళ్లు, నిలబెట్టిన కుటుంబాల వివరాలు వరుసగా రాయాలా? మీ మేనమామల గురించి మీలో ఏం మిగిలిందో కూడా చెబితే నాకు దారి దొరుకుతుందని అనిపిస్తోంది.

ఇల్లందు ఆడపడుచు:

అన్నగారూ, ఆ పుల్లతోనే మొదలుపెట్టండి. పెళ్లిళ్ల జాబితా చుట్టాలందరికీ తెలిసినదే.

మా మేనమామ ఇల్లందులో బొగ్గు బావిలో పనిచేశాడు. నాన్న చనిపోయాక అమ్మ నన్ను తీసుకుని ఆయన క్వార్టరుకే వచ్చింది. నేను బడికి ఎగ్గొట్టకుండా ఉండటానికి ఆయన ఒక ఉపాయం చేశాడు. బావి పనివాళ్లు హాజరును మస్టరు అంటారు. బడికి వెళ్లి వచ్చిన ప్రతి సాయంత్రం వంటింటి తలుపు వెనుక గోడ మీద సుద్దముక్కతో నాకు ఒక గీత గీసి, "ఈ రోజు నీ మస్టరు పడింది బిడ్డా" అనేవాడు. అప్పటి గనుల చట్టం ప్రకారం భూమి లోపల పనిచేసేవారికి ఏడాదికి 190 మస్టర్లు, పైన పనిచేసేవారికి 240 నిండితేనే జీతంతో సెలవు వచ్చేది. "నువ్వు పైన కూర్చుని చదువుకునేదానివి, కనుక నీకు 240 కావాలె" అని తేల్చాడు. బడి అన్ని రోజులు ఉండదు కదా అని నేను ఏడిస్తే, ఆదివారాలు ఇంట్లో చదివినా గీత గీస్తానని ఒప్పుకున్నాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రపోయే మనిషి, ఆదివారం మధ్యాహ్నం లేచి కూర్చుని, నేను చదివిన పాఠం అప్పజెప్పించుకుని, అప్పుడు గీత గీసేవాడు. ఆయన చదివింది అయిదో తరగతి. పాఠం అర్థం కాకపోయినా, నేను ఎక్కడ తడబడ్డానో గొంతును బట్టి పట్టేసేవాడు.

నా పెళ్లిలో నన్ను గంపలో కూర్చోబెట్టి మండపానికి మోయవలసిన వంతు ఆయనది. అప్పటికే నడుము వంగింది. అబ్బాయిలు మోస్తారులే అని అందరూ అన్నా వినలేదు. వాళ్లతోపాటు గంప అంచు పట్టుకుని నడుస్తూ, నాకు మాత్రమే వినబడేట్టు, "ఇది ఆఖరి మస్టరు" అన్నాడు. ఆ క్వార్టరు ఖాళీ చేసినప్పుడు గోడకు సున్నం వేయక తప్పలేదు. ఒక ఫోటో తీసుకోవలసింది. నేను తీసుకోలేదు.

మంగళగిరి నుంచి:

నాది మేనమామ కథ కాదు, బాబాయి కథ. ఆయన గుంటమగ్గం మీద చీరలు నేసేవారు. చిన్నప్పుడు నేను కండెలు చుట్టి ఇచ్చేవాడిని. ఆయన పోయాక, పడుగులో తెగిన పోగును నాలుక తడితో అతికేటప్పుడు చెప్పే ఒక మాట ఉండేదని గుర్తుంది కానీ, ఆ మాట మాత్రం గుర్తు రావడం లేదు. పిన్నికీ గుర్తు లేదు. అందుకే మీకు చెప్పేది ఒక్కటే: రాయడానికి కూర్చునే ముందు మామయ్య దగ్గర కూర్చోండి, ఫోన్‌లో ఆయన గొంతు రికార్డు చేయండి. "మీ జీవితం గురించి చెప్పండి" అని అడిగితే పెద్దవాళ్లు "ఏముందిరా చెప్పడానికి" అని ఊరుకుంటారు. "లాకు తలుపు తెరిచేటప్పుడు ముందు ఏం చేసేవారు?" అని అడగండి. చేతులు కదిలిస్తూ చెప్పడం మొదలుపెడతారు.

ఇల్లందు చెల్లెలి మాటను కాదంటున్నందుకు క్షమించాలి. వరదతో మొదలుపెట్టవద్దని నా అభిప్రాయం. వరద మొదటి పేజీలో వచ్చేస్తే తరువాతి పేజీలన్నీ వెలవెలబోతాయి. ఎండిన కాలువలోకి నీరు వచ్చే తెల్లవారుజామున మొదలుపెట్టి, ఆయన నీటిని ఎంత దగ్గరగా ఎరిగినవారో పాఠకుడికి తెలిశాక, అప్పుడు ఆ పుల్లను తీసుకురండి.

డాలస్ అక్కయ్య:

ఒక చిన్న సూచన. అక్షరాలు పెద్దవిగా వేయించండి. మా పెద్దమామయ్యకు మేము వేసిన పుస్తకాన్ని ఆయన చదవలేకపోయారు, ఎవరో చదివి వినిపించవలసి వచ్చింది.

కోనసీమ మేనల్లుడు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మామయ్య దగ్గరికి వెళ్లాను. మంగళగిరి వారు చెప్పినట్టే లాకు తలుపు సంగతి అడిగితే, అత్తయ్య కాఫీ చల్లారిపోయిందని రెండుసార్లు హెచ్చరించేదాకా ఆయన ఆగలేదు. పుస్తకం నీరు వచ్చే తెల్లవారుజాముతోనే మొదలవుతుంది, పెద్ద అక్షరాలతో. ఇల్లందు చెల్లెమ్మా, మీ మస్టర్ల సంగతి చదివి వినిపిస్తే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

వరద గురించి నేను రాసినదీ చదివాను. ఆయనకు నచ్చలేదు. "నేనొక్కడినే గట్టు నిలబెట్టినట్టు రాశావేంట్రా? ఆ రాత్రులు బస్తాలు మోసినవాళ్లు పదకొండు మంది. వాళ్ల పేర్లు లేకపోతే ఆ పేజీ తీసెయ్" అన్నారు. ఏడుగురి పేర్లు, ఎవరి ఇల్లు ఏ వీధిలో ఉండేదో సహా అక్కడికక్కడే చెప్పారు. మిగిలిన నలుగురి కోసం ఆదివారం నన్ను మళ్లీ రమ్మన్నారు, ఈలోగా అత్తయ్యను అడిగి పెడతారట.