కళాశాల జట్టు విజయానికి టెక్సాస్ శాసనసభ అభినందన తీర్మానం: ఎవరిని అడగాలి?

మేము టెక్సాస్‌లో నివసిస్తున్నాము. మా అమ్మాయి సభ్యురాలిగా ఉన్న కళాశాల టెన్నిస్ జట్టు జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఇటువంటి విజయాలను శాసనసభ అభినందన తీర్మానంతో గుర్తించే ఆనవాయితీ ఉన్నందున, తోటి తల్లిదండ్రులు ఆ పని నాకు అప్పగించారు. ఇక్కడి శాసనసభ సాధారణ సమావేశాలు బేసి సంవత్సరాల జనవరిలో మొదలై, గరిష్ఠంగా 140 రోజులే జరుగుతాయి. మా జట్టు గెలిచేనాటికి అవి ముగిసిపోయాయి.

ఒకే సభ ఆమోదించే తీర్మానానికి గవర్నర్ సంతకం అక్కర్లేదనీ, దానికి చట్టబలం ఉండదనీ తెలుసు. మాకు కావలసిందీ గౌరవమే తప్ప నిధులు కావు. అయితే కళాశాల ఉన్న నియోజకవర్గ ప్రతినిధిని అడగాలా, మేము ఓటు వేసే ప్రతినిధిని అడగాలా? తదుపరి సమావేశాల వరకు ఆగడం మేలా, లేక ఈలోగా నగర మేయరు ప్రకటన కోరవచ్చునా? క్రీడాకారిణుల పేర్లను తీర్మానంలో చేర్చమని అడగవచ్చునా? (మా అమ్మాయి ఇంటిపేరు ముందు రాయాలా, వెనుక రాయాలా అన్న చర్చ ఇంట్లో ఇంకా తెగలేదు.) ఇటువంటి తీర్మానం కోసం స్వయంగా ప్రయత్నించినవారు, ఏయే పత్రాలు జతచేశారో దయచేసి తెలుపగలరు.