మౌస్ వాడకంతో మణికట్టు నొప్పి: ముదరకుండా ఏం చేయాలి?

ప్రశ్న:
నేను విజయవాడలో డీటీపీ పని చేస్తాను. పెళ్లిపత్రికల సీజన్‌లో రోజుకు పది గంటలు మౌస్ పట్టుకోవలసి రావడంతో, కుడి మణికట్టు దగ్గర మొదలైన నొప్పి ఇప్పుడు బొటనవేలి మొదలు దాకా పాకింది. అనుభవమున్నవారు దయచేసి సలహా చెప్పగలరు.

జవాబు 1:
ముందుగా మీ మౌస్ ఎక్కడుందో చూసుకోండి. కీబోర్డుకు కుడివైపున ఉండే అంకెల మీటల వల్ల మౌస్ దాదాపు బెత్తెడు దూరం జరిగిపోతుంది, దాన్ని అందుకోవడానికి చేతిని రోజంతా పక్కకు చాచి ఉంచవలసి వస్తుంది. ఆ మీటలు లేని చిన్న కీబోర్డు కొన్నాక నాకు సగం బాధ తగ్గింది. మణికట్టును బల్ల అంచుకు ఆనించి తిప్పకుండా ముంజేయి మొత్తాన్ని కదపండి. నా చేతి మీద ఆ అంచు ఒరుసుకుని ఎర్రటి గీత పడి ఉండేది.

జవాబు 2:
సెట్టింగుల్లో పాయింటర్ వేగం కొంచెం పెంచితే చేతి కదలిక తగ్గుతుంది.

జవాబు 3:
రాత్రి నిద్రలో బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందా అండీ? అలాగైతే మణికట్టులోని మీడియన్ నరం నొక్కుకుపోతూ ఉండవచ్చు. దానినే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. నొప్పి మాత్రలతో నెట్టుకురాకుండా వెంటనే వైద్యుడికి చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
తిమ్మిరి లేదండీ. రేపే కీబోర్డు మారుస్తాను.